ముసురు పట్టకముందే ఫ్లూ టీకా: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: అక్టోబరు వానలు మొదలయ్యాయంటే మా వీధిలో ఇంటికొకరు జ్వరంతో మంచం పడతారు. రొంపో, ఫ్లూనో, డెంగీయో తెలియక పోయి సూది వేయించుకొస్తున్నాం. ఇంట్లో ఎట్లా పోల్చుకోవాలి? – ఒక రైతు, కోవూరు

జవాబు: ముందు జ్వరం ఎట్లా మొదలైందో అడగండి. ఫ్లూ తగిలిన మనిషి పూటతో సహా చెబుతాడు: పొద్దున బాగానే పొలానికి పోయాను, మధ్యాహ్నానికి గట్టుమీద కూలబడ్డాను అంటాడు. ఉన్నట్టుండి 101 నుంచి 103 డిగ్రీల జ్వరం, తలనొప్పి, నడుమూ కాళ్ళూ విరగ్గొట్టినట్టు నొప్పులు, గళ్ళ పడని పొడిదగ్గు. రొంప అట్లా రాదు. గొంతులో గరగరతో మొదలై, తుమ్ములూ ముక్కు కారడమూ మెల్లగా పెరుగుతాయి. పెద్దవాళ్ళకు జ్వరం పెద్దగా ఉండదు, పనికి పోతూనే ఉంటారు.

తిప్పలంతా డెంగీతోనే. అదీ ఒక్కసారిగానే వస్తుంది, ఒళ్ళు నొప్పులూ ఉంటాయి. కాకపోతే దగ్గు, ముక్కు కారడం తక్కువ. కళ్ళ వెనక నొప్పి, వాంతులు, ఒంటిమీద ఎర్రటి దద్దుర్లు ఎక్కువ. దగ్గు లేని జ్వరం రెండోరోజుకీ దిగకపోతే డెంగీకి ఎన్‌ఎస్‌1 పరీక్ష, దాంతోపాటే మలేరియా పరీక్ష చేయించండి.

ఏ జ్వరమో తేలేదాకా పారాసిటమాల్ ఒక్కటే వాడండి. పెద్దలకు 500 లేదా 650 మిల్లీగ్రాముల మాత్ర ఆరు గంటలకొకటి, రోజుకు నాలుగు మించకుండా. నొప్పులు తగ్గాలని డైక్లోఫెనాక్ సూది వేయించుకోవద్దు, బ్రూఫెన్ మింగొద్దు. తీరా అది డెంగీ అయితే రక్తస్రావానికి మనమే దారి తీసినట్టవుతుంది. పిల్లల జ్వరానికి ఆస్పిరిన్ అసలు వద్దు.

యాంటీబయాటిక్ ఫ్లూ వైరస్‌ను ఏమీ చేయదు. ఫ్లూకి పనిచేసే మందు ఒసెల్టామివిర్. పెద్దలకు 75 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, అయిదు రోజులు ఇస్తారు; కిడ్నీ జబ్బు ఉంటే మోతాదు తగ్గిస్తారు. లక్షణాలు కనబడిన 48 గంటల్లోపు మొదలుపెడితేనే దాని పూర్తి ఫలితం దక్కుతుంది. అందుకే గర్భిణులు, 65 దాటినవాళ్ళు, షుగర్, ఆస్తమా, గుండెజబ్బు ఉన్నవాళ్ళు మూడురోజులు చూద్దాంలే అనుకోకుండా మొదటిరోజే డాక్టరు దగ్గరికి పోవాలి.

మామూలుగా జ్వరం మూడు నాలుగు రోజుల్లో దిగుతుంది, దగ్గూ నీరసమూ రెండు వారాలు లాగుతాయి. జ్వరం దిగి ఒకటి రెండు రోజులు బాగుండి, మళ్ళీ ఎగబాకి, గళ్ళ పచ్చగా పడిందంటే న్యుమోనియా అని అనుమానించాలి. పసిపిల్లలకైతే ఊపిరి లెక్కపెట్టండి. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, గడియారం చూస్తూ పొట్ట ఎన్నిసార్లు లేస్తుందో నిండు నిమిషం చూడాలి. రెండు నెలల నుంచి ఏడాదిలోపు బిడ్డకు 50, ఏడాది నుంచి అయిదేళ్ళ బిడ్డకు 40 లేదా అంతకు మించితే గానీ, డొక్కలు లోపలికి లాక్కుంటుంటే గానీ, రాత్రయినా సరే ఆసుపత్రికి తీసుకుపోండి.

ప్రశ్న: మా అమ్మకు 62 ఏళ్ళు, షుగర్ ఉంది. పోయినేడు ఫ్లూ టీకా వేయించాం. మళ్ళీ వేయించాలా? ఎప్పుడు? – ఒక పాఠకురాలు, కందుకూరు

జవాబు: మళ్ళీ వేయించాలమ్మా, ఏటా వేయించాలి. ఫ్లూ వైరస్ రూపు మార్చుకుంటూ పోతుంది, టీకా ఇచ్చిన బలమూ నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికీ సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికీ, టీకాలో ఏ రకాలు ఉండాలో చెబుతుంది. పెట్టె మీద ఆ సీజన్ సంవత్సరం అచ్చయి ఉంటుంది. గడువు తేదీతోపాటు అదీ చదివి, అన్నిటికన్నా కొత్తదే అడగండి.

వేళ మాటకొస్తే, నైరుతి వానల ప్రాంతాలకు చెప్పే ఏప్రిల్, మే లెక్క మనకు అంతగా సరిపోదు. నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు ముసురు పట్టేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. టీకా పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది కాబట్టి సెప్టెంబరులోపు వేయించేయండి. ఆలస్యమైతే మానుకోవద్దు, నవంబరులో వేయించినా మేలే.

చేతికి పైభాగాన, జబ్బ కండకు వేసే సూది అది, 0.5 మిల్లీలీటరు. చెయ్యి ఒకటి రెండు రోజులు నొప్పి పెడుతుంది, ఒళ్ళు వెచ్చబడొచ్చు. సూదిగా వేసే టీకాలో బతికున్న వైరస్ ఉండదు, కాబట్టి దానివల్ల ఫ్లూ రాదు. వైరస్‌కూ టీకాకూ బాగా పొత్తు కుదిరిన ఏడాదిలో అది డాక్టరు దాకా పోవాల్సిన జబ్బును 40 నుంచి 60 శాతం వరకు తగ్గిస్తుంది. వేయించుకున్నాక ఫ్లూ వచ్చినా జబ్బు ముదరడం తక్కువ. పోయినసారి టీకాకు ఊపిరాడనంత అలర్జీ వచ్చినవాళ్ళు మాత్రం వేయించుకోకూడదు.

పట్నంలో మందు కొని ఊళ్ళో వేయించుకునేవాళ్ళకు ఒక మాట. టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. నేరుగా ఐసుముక్కల మీద పెడితే గడ్డకట్టి పాడవుతుంది; కరిగాక చూడటానికి మామూలుగానే ఉన్నా అది పనికిరాదు. కొన్నచోటే వేయించుకుంటే ఈ తిప్పలుండవు.

ప్రశ్న: మా బాబుకు 14 నెలలు. కార్డులో హిబ్ ఇన్‌ఫ్లుయెంజా అని ఉంది. అంటే ఫ్లూ టీకా అయిపోయినట్టేనా? – ఒక తల్లి, ఒంగోలు

జవాబు: కాలేదమ్మా. ఆరు, పది, పద్నాలుగు వారాలకు అయిదు జబ్బులకు ఒకే సూదిగా వేసే పెంటావాలెంట్‌లో కలిపి ఉండే హిబ్ ఒక బాక్టీరియాకు టీకా. 1892లో ఫ్లూకి ఆ బాక్టీరియాయే కారణమనుకుని దానికి ఫ్లూ పూర్తి పేరైన ఇన్‌ఫ్లుయెంజా అనే పేరు పెట్టారు. 1933లో మనుషుల ఫ్లూ వైరస్‌ను వేరుచేసినా ఆ పేరు అట్లాగే ఉండిపోయింది. ఫ్లూ టీకా సర్కారు ఉచిత టీకాల పట్టికలో లేదు, పిల్లల డాక్టరు దగ్గర కొని వేయించాలి. తొమ్మిదేళ్ళు నిండని బిడ్డకు మొదటిసారి నాలుగు వారాల ఎడంతో రెండు డోసులు, ఆపైన ఏటా ఒకటి. రెండోది మానేస్తే మొదటిదాని బలం చాలదు.

ప్రశ్న: కోళ్ళ ఫారంలో పనిచేస్తాను. ఈ టీకా బర్డ్‌ఫ్లూను ఆపుతుందా? – ఒక పాఠకుడు, పొదలకూరు

జవాబు: ఆపదు. 2024 ఫిబ్రవరిలో మీ మండలం చాటగొట్లలోనూ, కోవూరు మండలం గుమ్మళ్ళదిబ్బలోనూ కోళ్ళకు సోకిన వైరస్ వేరు. అయినా మీరు ఈ టీకా తప్పక వేయించుకోండి. రెండు వైరస్‌లు ఒకే ఒంట్లో కలిస్తే జన్యువులు మార్చుకుని కొత్తది పుట్టే ప్రమాదం ఉంది. చచ్చిన కోళ్ళను ఉత్తచేతులతో ఎత్తకండి. గ్లౌజులు, మాస్కు వేసుకోండి, పశువైద్యశాలకు కబురు చేయండి. ఆ తర్వాత పదిరోజుల్లో జ్వరం గానీ, కళ్ళెర్రబడటం గానీ, ఆయాసం గానీ వస్తే, డాక్టరు అడగకపోయినా కోళ్ళను ముట్టుకున్న సంగతి మీరే ముందుగా చెప్పండి.