బెయిల్ గ్యారంటీ అనే లాయరును పెట్టుకోవచ్చా?

ప్రశ్న: పొలం గట్టు గొడవలో మా తమ్ముడిపై హత్యాయత్నం కేసు పెట్టి రిమాండుకు పంపారు. స్టేషన్ దగ్గర పరిచయమైన ఒకాయన, తనకు తెలిసిన లాయరు వారంలో బెయిల్ గ్యారంటీగా తెస్తాడని, రెండు లక్షలు ముందే ఇమ్మని అడుగుతున్నాడు. ఇంకో లాయరు గారేమో కాగితాలు చూడందే ఏమీ చెప్పలేనన్నారు. ఎవరిని పెట్టుకోవాలి? – ఒక పాఠకుడు, నరసరావుపేట

జవాబు: కాగితాలు అడిగినాయన దగ్గరికే ముందు వెళ్ళండి. బెయిల్ ఇచ్చేది జడ్జి గారు, దానికి ఏ లాయరూ పూచీ పడలేడు. ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనలకే విరుద్ధం. మధ్యవర్తి చేతిలో మాత్రం రూపాయి కూడా పెట్టకండి.

వెళ్ళేటప్పుడు ఎఫ్ఐఆర్, రిమాండు రిపోర్టు కాపీలు పట్టుకెళ్ళండి. ఆయన మిమ్మల్ని ఏం అడుగుతున్నారో గమనించండి. దెబ్బ తలకు తగిలిందా, చేతికా? కర్రతోనా, గొడ్డలితోనా? అవతలి మనిషి ఆసుపత్రి నుంచి డిశ్చార్జ్ అయ్యాడా? మీవాళ్ళకీ దెబ్బలు తగిలితే ఆసుపత్రిలో చూపించుకున్నారా, కౌంటర్ కేసు పెట్టారా? క్రిమినల్ కేసులు నడిపినవారు అడిగే ప్రశ్నలివి. ఎందుకంటే హత్యాయత్నానికి పెట్టే భారతీయ న్యాయ సంహిత 109వ సెక్షన్ నిలవాలంటే చంపే ఉద్దేశం కనపడాలి. అది లేదని, ఆయుధంతో మామూలు గాయం చేయడమేనని తేలితే కేసు 118(1)కి దిగవచ్చు. దానికి గరిష్ఠ శిక్ష మూడేళ్ళే. 109లో గాయమైతే యావజ్జీవం దాకా పడవచ్చు. ఈ తేడా మీద ఒక్క ప్రశ్నా వేయకుండా ఫీజు దగ్గరికి వచ్చేవారిని వదిలేయండి.

మీరూ అడగండి. బెయిల్ పిటిషన్ మేజిస్ట్రేటు కోర్టులో వేస్తారా, సెషన్స్ కోర్టులోనా, ఎందుకు? ఛార్జిషీటు రాకపోతే ఏం చేస్తారు? యావజ్జీవం పడే అవకాశమున్న ఇలాంటి కేసులో మొదటి రిమాండు నుంచి 90 రోజుల్లో పోలీసులు ఛార్జిషీటు వేయకపోతే బెయిల్ హక్కుగా వస్తుంది. కానీ మనం పిటిషన్ వేసి అడగాలి. ఈలోపు ఛార్జిషీటు పడిందా, ఆ హక్కు పోయినట్టే. ఆ తేదీని గుర్తుపెట్టుకునే లాయరు మీకు కావాలి. సాక్షుల క్రాస్ ఎగ్జామినేషన్ తానే చేస్తారా, జూనియర్‌కు వదిలేస్తారా అన్నదీ మొహమాటం లేకుండా అడగండి.

ఫీజు బెయిల్ వరకేనా, విచారణ మొత్తానికా, హైకోర్టుకు వెళితే వేరేనా అన్నది కాగితం మీద రాయించుకుని రసీదు తీసుకోండి. గొడవలో నిజంగా ఏం జరిగిందో ఆయన దగ్గర దాచవద్దు. మీ తమ్ముడు తన లాయరుకు చెప్పిన సంగతులకు చట్టమే రక్షణ ఇస్తుంది. వకాల్తా, అంటే కేసు వాదించే అధికారం లాయరుకు ఇచ్చే పత్రం మీద సంతకం మీది కాదు, మీ తమ్ముడిది. జైలు అధికారుల ద్వారా చేయించాలి.

డబ్బుకు ఇబ్బందిగా ఉంటే అప్పు చేయకండి. కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టండి, లేదా 15100కు ఈరోజే ఫోన్ చేయండి.