కోల్డ్ స్టోరేజీకి యాప్ చేయించే ముందు

చి. సౌ. మేనకోడలికి,

మావయ్య ఆశీస్సులు. మిర్చి లెక్కల పుస్తకాలు పక్కన పెట్టి యాప్ చేయిద్దామనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. కోడ్ రాయకుండానే యాప్ కట్టే కుర్రాడు దొరికాడట, మూడు వారాల్లో ఇచ్చేస్తానన్నాడట. ఇచ్చేస్తాడు, అందులో అబద్ధం లేదు. యాప్‌షీట్, జోహో క్రియేటర్ లాంటి కోడ్ అక్కర్లేని సాధనాలు వచ్చాక స్క్రీన్లు తయారు చేయడం పెద్ద పనేం కాదు. కష్టమంతా మన పని అతనికి అర్థం కావడంలోనే ఉంది. కాబట్టి అతను ఇదివరకు చేసిన యాప్‌లు చూసి మురిసిపోకు. నిన్ను ఏం అడుగుతున్నాడో చూడు.

మొదటి రోజే రంగులు, లోగో అంటూ మొదలుపెడితే కాస్త ఆలోచించు. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, గేటు దాటిన దగ్గర్నుంచి రైతు చేతికి బాండు, అంటే సరుకు దాచినట్టు మనమిచ్చే రసీదు, వెళ్లేదాకా ఎవరెవరు ఏమేం రాస్తారని అడిగితే మనిషి పనికొస్తాడు. ఒక రోజు గుమస్తా పక్కన కూర్చోబెట్టు. ఆ రోజుకు డబ్బులివ్వు, ఊరికే చేయించుకోవద్దు.

సాయంత్రం ఈ చిక్కు అతని ముందు పెట్టు. ఒక రైతు రెండొందల టిక్కీల తేజ రకం మిర్చి ఒకే లాట్‌గా, అంటే ఒకే దఫా సరుకుగా, పెట్టాడు. యాభై తీసుకెళ్లాడు. మిగిలినవాటిలో వంద, సరుకు లోపల ఉండగానే వ్యాపారికి అమ్మేశాడు. టిక్కీ కదల్లేదు, పేరు మాత్రం మారింది. అద్దె ఏ తేదీ వరకు ఎవరి ఖాతాలో పడాలి? ఆ లాట్ మీద బ్యాంకు లోను ఉంటే డెలివరీ బటన్ అసలు నొక్కనివ్వాలా? లాట్‌కి ఒక వరస, పక్కన ‘మిగిలినవి’ అని ఒక గడి పెట్టి, ఆ అంకె దిద్దుకుంటూ పోదాం అన్నాడనుకో, మర్యాదగా కాఫీ ఇచ్చి పంపెయ్. వచ్చినవి, వెళ్లినవి, పేరు మారినవి, ఒక్కో కదలికకి ఒక్కో వరస ఉండాలి. మిగిలింది యాప్ లెక్కగట్టి చూపించాలి. రేపు రైతు వచ్చి తగువు పెట్టుకుంటే నీకు అక్కరకొచ్చేది ఆ వరసలే.

తర్వాత సిగ్నల్ సంగతి. సరుకు దాచే చల్లటి గది, ఛాంబర్ లోపల ఫోన్ పలకదని నీకు తెలుసు, అతనికి తెలియదు. యాప్‌షీట్ నెట్ లేకపోయినా ఎంట్రీ తీసుకుని, సిగ్నల్ రాగానే పంపుతుంది. బబుల్ అనే ఇంకో సాధనంతో చేసే వెబ్ యాప్‌లకైతే నెట్ ఉండాల్సిందే. అక్కడితో ఆగకుండా ఇంకో మాట అడుగు: ఇద్దరు మనుషులు సిగ్నల్ లేనప్పుడు ఒకే లాట్ నుంచి చెరో ముప్ఫై టిక్కీలు పంపించేస్తే, బయటికొచ్చాక ఎవరి లెక్క నిలబడుతుంది? జవాబు తడుముకున్నా ఫరవాలేదు, ‘చూసి చెప్తాను’ అన్నా మంచిదే. ‘అలా జరగదులెండి’ అంటే మాత్రం నమ్మకు.

డబ్బు విషయంలో అతని ఫీజు ఒక్కటే చూడొద్దు. యాప్‌షీట్ లాంటి వాటికి వాడే మనిషికింత చొప్పున నెలనెలా కట్టాలి. అది చూసి గుమస్తాలందరికీ ఒకే లాగిన్ ఇవ్వాలనిపిస్తుంది. ఆ పని చేశావంటే ఏ డెలివరీ ఎవరు కొట్టారో నీకు ఎప్పటికీ తెలియదు. యాప్‌షీట్ లెక్కలు దాచేది గూగుల్ షీట్‌లో అయితే, దానికి కోటి గడుల పరిమితి ఉన్నా, అంతకు చాలా ముందే నెమ్మదిస్తుంది. పాత సీజన్ల లెక్కలు ఎక్కడికి తరలిస్తాడో ముందే మాట్లాడుకో. బిల్లులు, జీఎస్టీ ట్యాలీలోనే ఉండనీ. అవి కూడా ఇందులోకి లాక్కొస్తే మీ ఆడిటర్‌కి, నీకు ఇద్దరికీ టెన్షన్.

అన్నిటికంటే గట్టిగా పట్టుకోవాల్సింది అకౌంటు. సంస్థ పేరు మీద గూగుల్ అకౌంటు తీసుకుని, యాప్, షీటు రెండూ అందులోనే మొదలుపెట్టించు. అతనికి అందులో పనిచేసే అనుమతి ఇస్తే చాలు. ‘నా అకౌంట్లో చేసి తర్వాత మారుస్తానండీ’ అంటే ఒప్పుకోకు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, ఉద్యోగి తన ఉద్యోగంలో భాగంగా చేసింది మామూలుగా యజమానిదే. బయటి మనిషి చేసిపెట్టింది మాత్రం డబ్బిచ్చినంత మాత్రాన మనదైపోదు, రాసివ్వాలి. ఆ రాతలో ఎన్నాళ్లకో చెప్పకపోతే అయిదేళ్ల వరకే చెల్లుతుంది. నీ లాయరుతో ఆ వాక్యం రాయించు.

కంపెనీ పెద్దదని ధీమా పడొద్దు. 2020లో యాప్‌షీట్‌ని కొన్న గూగులే తన సొంత యాప్ మేకర్‌ని 2021 జనవరిలో మూసేసింది. యాప్‌షీట్‌లో కట్టినదాన్ని కోడ్‌గా బయటికి తీసుకెళ్లలేం. డేటా షీటులో ఉంటుంది కాబట్టి అది దక్కుతుంది. ఏ గడిలో ఏముందో, ఏ ఫార్ములా ఎందుకు పెట్టాడో తెలుగులో రాసిమ్మను. ఆఖరి వాయిదా ఆ కాగితం అందాకే.

రైతుల ఆధార్, బ్యాంకు నంబర్లు అవసరమైతేనే పెట్టించు. స్క్రీన్ మీద కనిపించకుండా దాచడం వేరు, డేటా ఆ ఫోనుకి చేరకుండా ఆపడం వేరు. యాప్‌షీట్‌లో రెండోదాన్ని సెక్యూరిటీ ఫిల్టర్ అంటారు. ఆ పేరెత్తి చూడు, అతని పనితనం తెలిసిపోతుంది.

ఫిబ్రవరి నుంచి సరుకు దిగే రోజుల్లో ఇది మొదలుపెట్టొద్దు. ఆగస్టులో ఒక్క ఛాంబర్‌తో ప్రారంభించి, నెలరోజులు పుస్తకం, యాప్ రెండూ రాయించు. గుమస్తా గొణుగుతాడు, గొణగనీ. తేడా వచ్చిన చోట ఎవరిది తప్పో ముగ్గురూ కూర్చుని చూడండి. అతనికి ఫోన్ మీద ఫోన్ చేసి మార్పులు చెప్పకు. వారానికొకసారి ఒక జాబితాగా ఇవ్వు. అతను కూడా వాటిని ముందు నకలు యాప్‌లో చేసి చూపించాకే అసలుదానిలో పెట్టాలి.

కొటేషన్ రాగానే ఫొటో తీసి నాకు వాట్సాప్ చెయ్యి. అడ్వాన్సు అప్పుడే ఇచ్చెయ్యకు.

మీ మావయ్య