రెప్లికేషన్ పెట్టాక డిస్క్ నిండిపోతుంటే ముందు స్లాట్ చూడండి

కర్నూలు డేటాబేస్‌ను కడప బ్రాంచికి రెప్లికేషన్‌తో (ఇక్కడి మార్పులు ఎప్పటికప్పుడు అక్కడి సర్వర్‌లోకి కాపీ కావడం) పంపుతున్నామని, కర్నూలు సర్వర్ డిస్క్ నిండిపోతోందని రాశారు. కడప సర్వర్‌ను సెలవుల్లో ఆపేస్తామని కూడా రాశారు కదా, కారణం అదే అయ్యుంటుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో రెప్లికేషన్ స్లాట్ (అవతలి సర్వర్ ఎక్కడిదాకా అందుకుందో గుర్తుపెట్టుకునేది) ఉంటే, ఆ సర్వర్ అందుకునేదాకా ఇవతల వాల్ ఫైళ్లు (మార్పులన్నీ రాసుకునే లాగ్ ఫైళ్లు) చెరగవు.

1. స్లాట్ల వివరాలుండే పీజీ_రెప్లికేషన్_స్లాట్స్ చూడండి. యాక్టివ్ కాలమ్‌లో ఎఫ్ (అంటే ఆ స్లాట్‌ను ఇప్పుడు ఎవరూ వాడట్లేదు) అని ఉంటే దొంగ దొరికినట్టే.

2. కడప సర్వర్ ఆన్ చేయండి. అది అందుకున్నాక ఫైళ్లు వాటంతటవే తగ్గుతాయి. ఆ ఫైళ్లుండే పీజీ_వాల్ ఫోల్డర్‌లో చేత్తో మాత్రం ఏదీ డిలీట్ చేయొద్దు, డేటాబేస్ మళ్లీ లేవకపోవచ్చు.

3. చాలామంది వదిలేసేది ఇదే: మ్యాక్స్_స్లాట్_వాల్_కీప్_సైజ్, అంటే స్లాట్ కోసం ఎంత వాల్ దాచాలో హద్దు పెట్టే సెట్టింగ్. 13వ వెర్షన్ నుంచి ఉంది, కానీ డిఫాల్ట్‌గా మైనస్ 1, అంటే హద్దే లేదు. డిస్క్‌లో ఖాళీని బట్టి 10 జీబీ లాంటిది పెట్టి కాన్ఫిగ్ రీలోడ్ చేయండి. హద్దు దాటితే ఆ స్లాట్ చెల్లదు, కడపకు మళ్లీ మొదటి నుంచి కాపీ చేయాలి. కర్నూలు కౌంటర్‌లో బిల్లింగ్ ఆగి టెన్షన్ పడటం కంటే అది నయం.

ఇక "పాతలాగే చేత్తో డంప్ తీసుకుంటే పోలా?" అన్నారు (డంప్ అంటే డేటాబేస్‌ను ఒక ఫైల్‌గా కాపీ తీయడం). కడపవాళ్లు నిన్నటి లెక్కలు చూసుకోవడానికే అయితే నిజంగానే చాలు, రాత్రిపూట డంప్ తీసే పీజీ_డంప్ కమాండ్‌ను దానంతటదే నడిచేలా క్రాన్‌లో పెట్టేయండి. స్టాక్ అప్పటికప్పుడు కనపడాలంటేనే రెప్లికేషన్. అది పెట్టినా డంప్ మానొద్దు, ఇక్కడ పొరపాటున డిలీట్ కొడితే అక్కడా పోతుంది.