‘అందరి అమ్మలూ ఒప్పుకున్నారు’ అంటోంది... పంపాలా?

ప్రశ్న: మాది హనుమకొండ. మా అమ్మాయికి పదహారేళ్ళు. హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి ఇంటర్ ఫస్టియర్ చదువుతోంది. జనవరిలో ముంబయిలో జరిగే లొల్లాపలూజా సంగీతోత్సవానికి నలుగురు ఫ్రెండ్స్‌తో కలిసి వెళ్తానంటోంది. వాళ్ళలో ఒకమ్మాయి అన్నయ్య, పంతొమ్మిదేళ్ళవాడు, తోడు వస్తాడట. భివండీలో మా ఆడపడుచు ఉంది, రాత్రికి అక్కడ పడుకుంటారట. మావారు ‘ఆ మాట మళ్ళీ ఎత్తొద్దు’ అన్నారు. అప్పటినుంచి తండ్రితో మాటల్లేవు. ‘అన్నయ్యని ఇంటర్ అవగానే గోవా పంపలేదా? మిగతా అందరి అమ్మలూ ఒప్పుకున్నారు’ అని నన్ను నిలదీస్తోంది. ఏం చెప్పాలి?

జవాబు: అమ్మా, ముందే చెప్పేస్తాను. పాప ఇప్పుడు చెబుతున్న ప్లాన్‌తో అయితే పంపకండి. మీరో మీవారో ముంబయి వెళ్ళి, రాత్రి పదింటికి గేటు బయట నిలబడగలిగితే మాత్రం పంపండి.

మీ ఇంట్లో గొడవంతా సంగీతం చుట్టూ, ‘ఆడపిల్ల’ అన్న మాట చుట్టూ తిరుగుతోంది. ఆ రెండూ పక్కన పెట్టి, ఆఖరి పాట అయ్యాక ఆ పిల్ల ఎవరితో, దేంట్లో, ఎక్కడికి చేరుతుందో అడగండి. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే ఆ ప్లాన్ అక్కడే కూలిపోతోంది.

లొల్లాపలూజా జరిగేది మహాలక్ష్మి రేస్‌కోర్సులో. మన దేశంలో 2023 జనవరిలో మొదలైంది. రెండు రోజులు, నాలుగు స్టేజీలు, మధ్యాహ్నం మొదలై రాత్రి పది దాకా సాగుతుంది. భివండీ అక్కడికి నలభై కిలోమీటర్ల పైమాటే. వేలమంది ఒకేసారి బయటికొచ్చే ఆ గంటలో క్యాబ్ దొరకదు, దొరికినా రేటు రెండింతలో మూడింతలో చూపిస్తుంది. రైలంటారా, పక్కనే ఉన్న మహాలక్ష్మి స్టేషన్లో ఫాస్ట్ లోకల్స్ ఆగవు. స్లో ట్రైన్లో దాదర్ వెళ్ళి, వంతెన దాటి సెంట్రల్ లైన్‌కి మారి, ఠాణేలోనో కళ్యాణ్‌లోనో దిగి, అక్కడినుంచి మళ్ళీ ఆటో. అర్ధరాత్రి దాటాక మేనత్త తలుపు తట్టాలి. మర్నాడు మధ్యాహ్నానికి మళ్ళీ ఇదే దారిలో వెనక్కి. ఆదివారం మెగాబ్లాకు (పట్టాల మరమ్మతులకి రైళ్ళు ఆపడం) ఉంటే పగటిపూట రైళ్ళూ తక్కువే. ‘ముంబయిలో మనవాళ్ళున్నారు’ అన్న ధీమా మనకి సహజం. వరంగల్, కరీంనగర్ వైపు నుంచి మగ్గాల పని మీద తరాల క్రితమే వెళ్ళిన కుటుంబాలు భివండీలో ఎన్నో. కానీ మ్యాపులో ఆ ఇల్లు ఎక్కడుందో ఈ పిల్లలు చూసినట్టు లేదు. ఉండాలనుకుంటే దాదర్, లోయర్ పరేల్, వర్లీ ప్రాంతాల్లోనే ఉండాలి. దాదర్ స్లో లోకల్లో మూడో స్టేషను. హోటల్ గది కావాలంటే పద్దెనిమిది నిండినవాళ్ళ గుర్తింపు కార్డు అడుగుతారు, కాబట్టి పిల్లలు సొంతంగా దిగే దారి ఎలాగూ లేదు.

ఇక ఆ పంతొమ్మిదేళ్ళ అబ్బాయి. మంచివాడే కావచ్చు. కానీ అతనూ పాట వినడానికే వస్తున్నాడు. అతని ఫ్రెండ్స్ వేరే స్టేజీ దగ్గరుంటే అటే వెళ్తాడు. ఒకమ్మాయికి కళ్ళు తిరిగితే మెడికల్ టెంట్‌కి తీసుకెళ్ళేదెవరు, మిగిలిన నలుగురితో ఉండేదెవరు? ఐదుగురు పిల్లల పూచీ అతని మీద పెట్టడం అతనికీ అన్యాయమే.

‘అందరి అమ్మలూ ఒప్పుకున్నారు’ అన్న మాటని ఈరోజే తేల్చుకోండి. ఆ నలుగురు అమ్మలకీ మీరే ఫోన్ చేయండి. ఇలాంటప్పుడు సాధారణంగా బయటపడేది ఏమిటంటే, మీరు ఒప్పుకున్నారని వాళ్ళకి, వాళ్ళు ఒప్పుకున్నారని మీకు చెప్పి ఉంటారు. దీన్ని పెద్ద మోసంగా చూసి దులిపేయకండి, ఆ వయసు పిల్లలు చేసే బేరమే అది. ఫోన్ చేయబోతున్నానని పాపకి ముందే చెప్పండి, వెనకనుంచి కూపీ లాగినట్టు ఉండకూడదు. ఆ అమ్మల్లో మరొకరు ముంబయి రావడానికి సిద్ధపడితే మీ సమస్య సగం తీరినట్టే.

మీవారి భయంలో కొంత నిజం ఉంది, అది పాపకి అర్థమయ్యేలా చెప్పాలి. ‘వద్దంటే వద్దు’ అన్న మాటలో కారణం వినిపించదు. గుంపులో ప్రాణం పోయేది తొక్కిసలాటలో కిందపడినవాళ్ళకే అనుకుంటాం. 2021 నవంబరులో అమెరికాలోని హ్యూస్టన్‌లో ఆస్ట్రోవరల్డ్ ఉత్సవంలో పదిమంది చనిపోయారు. నాలుగువైపులా ఒత్తిడికి ఛాతీ ఉబ్బడానికి చోటు లేక ఊపిరాడలేదు, నిలబడి ఉన్నా అది జరుగుతుంది. మన దగ్గర 2023 నవంబరులో కొచ్చిన్ యూనివర్సిటీలో ఓపెన్ ఆడిటోరియం బయట ఉన్నవాళ్ళు వాన రాగానే మెట్ల మీదుగా లోపలికి తోసుకొచ్చారు, నలుగురు పోయారు. 2025 జూన్‌లో బెంగళూరు చిన్నస్వామి స్టేడియం గేట్ల దగ్గర పదకొండుమంది. ఈ చివరి రెండూ ప్రవేశద్వారాల దగ్గరే జరిగాయి చూడండి. అందుకే గేట్లు తెరిచే వేళకి వెళ్ళి ముందువరుస కోసం పరుగెత్తడం, ఆఖరి పాట దాకా ఉండి అందరితో కలిసి బయటికి రావడం, ఈ రెండింటినీ ప్లాన్లోంచి తీసేయండి. ఆఖరి పాటకి పావుగంట ముందే బయల్దేరాలి. ఈ షరతుకి పాప గట్టిగానే ఎదురుచెబుతుంది. ఏ ఒక్క పేరు కోసమైతే వెళ్తోందో అతను పాడేది చివర్లోనే కదా! అలాంటప్పుడు స్టేజీకి దూరంగా, పక్కకి, బయటికి వెళ్ళే దారి దగ్గర నిలబడి చివరిదాకా విననివ్వండి. తర్వాత జనం పలచబడేదాకా ఓ అరగంట లోపలే కూర్చోమనండి.

గుంపులో ఇరుక్కుంటే ఏం చేయాలో ఇంట్లో ఒకసారి చేసి చూపించండి. చేతులు రెండూ మడిచి ఛాతీ ముందు పెట్టుకోవాలి, ఊపిరి తీసుకోవడానికి ఆ జానెడు చోటే ఆధారం. తోపుకి ఎదురు నెట్టకూడదు. అది కాస్త ఆగినప్పుడు ఏటవాలుగా అంచువైపు జరగాలి. ఫోన్ కిందపడితే వంగకూడదు. ఈ ఆఖరిమాట రెండుసార్లు చెప్పండి.

జనం ఎక్కువైన చోట నెట్‌వర్క్ పడుకుంటుంది. వాట్సాప్ తిరుగుతూ ఉంటుంది, మామూలు ఎస్సెమ్మెస్ మాత్రం చాలాసార్లు వెళ్తుంది. కాబట్టి ‘లొకేషన్ షేర్ చేస్తుందిలే’ అని నమ్ముకోవద్దు. లోపలికి వెళ్ళగానే కదలని వస్తువు ఒకటి, ఫలానా స్టేజీ ఎడమపక్క మంచినీళ్ళ దగ్గరో మెడికల్ టెంట్ గుమ్మమో, కలుసుకునే చోటుగా అనుకోవాలి. తప్పిపోతే ప్రతి గంటకీ అక్కడికి రావాలి. మీ నంబరు, మీవారి నంబరు కాగితం మీద రాసి జేబులో ఉంచాలి. ఛార్జింగ్ అయిపోతే నోటికి నంబరు వచ్చిన పిల్లలు ఈ కాలంలో ఎంతమంది? పవర్‌బ్యాంకు, అడుగు మందంగా ఉన్న బూట్లు, ముందురోజే కడుపునిండా తిండి, నిద్ర. టికెట్ మీద, చేతి పట్టీ మీద ఉండే కోడ్‌ని ఫొటో తీసి ఇన్‌స్టాలో పెట్టకూడదు. ఎంత వయసువాళ్ళని ఒంటరిగా రానిస్తారు, సీసాలు తేవచ్చా, బయటికి వెళ్ళి మళ్ళీ లోపలికి రావచ్చా అన్నవి ఏడాదికేడాది మారతాయి. టికెట్ అమ్మే పేజీలో నిబంధనలన్నీ మీరే కూర్చుని చదవండి.

చెవుల సంగతి ఎవరూ పట్టించుకోరు గానీ అందరికీ ఖాయంగా జరిగే నష్టం అదే. కచేరీల్లో సగటు శబ్దం వంద డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. పనిచేసే చోట్ల పాటించే లెక్క ప్రకారం వంద డెసిబెల్స్ దగ్గర రోజుకి పదిహేను నిమిషాలే సురక్షితం. వీళ్ళుండేది ఏడెనిమిది గంటలు. మందుల షాపులో దొరికే స్పాంజి ఇయర్‌ప్లగ్స్ రెండు జతలు కొనండి. వేళ్ళమధ్య సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి లాగి లోపల పెట్టి, అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో నొక్కి పట్టాలి. చాలామంది సగం దూర్చి ‘ఇది పనిచేయట్లేదు’ అంటారు. స్పీకర్లకి దూరంగా ఉండటం కూడా అంతే ముఖ్యం. ఇంటికొచ్చాక చెవుల్లో కీచుమన్న మోత మర్నాటికీ తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి.

తాగుడు, మత్తుమందుల గురించి మీరు అడగలేదు. మీవారి మనసులో ఉన్నది మాత్రం అదేననిపిస్తోంది. మహారాష్ట్రలో బీరుకి, వైనుకి 21 ఏళ్ళు, విస్కీలాంటి వాటికి 25 ఏళ్ళు నిండాలి. వేపింగ్ సాధనాల అమ్మకం 2019 నుంచి దేశమంతటా నిషేధం. ఇవి చెప్పడం తేలికే. కష్టమైనది ఇంకొకటి ఉంది: పక్కనున్న స్నేహితురాలు ఎవరో ఇచ్చిన మాత్ర వేసుకుని ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడుతూ ఉంటే ఈ పిల్ల ఏం చేస్తుంది? పోలీసులకి తెలుస్తుందన్న భయంతో నీళ్ళు తాగిస్తూ మూలన కూర్చోబెడతారు. ఎమ్‌డీఎమ్‌ఏ లాంటి మత్తుల్లో శరీరం విపరీతంగా వేడెక్కుతుంది. అతిగా నీళ్ళు తాగిస్తే ఒంట్లో సోడియం పడిపోయి అదీ ప్రాణం మీదకి తెస్తుంది. వెంటనే మెడికల్ టెంట్‌కి తీసుకెళ్ళి, ఏం తీసుకుందో ఉన్నది ఉన్నట్టు డాక్టర్‌కి చెప్పాలి. బయట ఉంటే 112. ‘ఇలా జరిగితే నాకు ఫోన్ చెయ్, ఆ రాత్రి ఒక్క ప్రశ్న కూడా అడగను’ అని మీరు మాట ఇవ్వాలి. ఇస్తే నిలబెట్టుకోవాలి, మర్నాడు రైల్లో కూడా తిట్టకూడదు. తనకే అక్కడ ఇబ్బందిగా ఉండి ఫ్రెండ్స్ ముందు చెప్పలేకపోతే ఒక గుర్తుమాట పెట్టుకోండి. ‘అమ్మమ్మ మందు వేసుకుందా?’ అని మెసేజ్ రాగానే మీరు ఫోన్ చేసి ‘అర్జెంటుగా గేటు దగ్గరికి రా’ అనండి. చెడ్డపేరు మీకే రానివ్వండి.

అన్నయ్య గోవా విషయంలో అమ్మాయి అడిగింది న్యాయమైన ప్రశ్న. ‘వాడు మగపిల్లాడు’ అని మాత్రం జవాబివ్వకండి, ఆ మాట ఏళ్ళ తరబడి మిగిలిపోతుంది. వాడు ఎవరితో వెళ్ళాడో, ఎక్కడున్నాడో అప్పట్లో మీకు తెలుసా? తెలియకపోతే ‘అప్పుడు మేం పొరపాటు చేశాం, నీ దగ్గర అదే చేయలేం’ అని ఒప్పుకోండి. వాడి దగ్గర కూడా ఇకమీద ఇవే ప్రశ్నలు అడగండి. పాప నమ్మేది అప్పుడే.

మీవారి దగ్గర ‘పంపుదాం’ అన్న మాటతో మొదలుపెట్టకండి. ‘ఏముంటే మీకు ధైర్యంగా ఉంటుంది?’ అని అడిగి ఆయన చెప్పినవి రాసుకోండి. ఒకటి మాత్రం ఆయనకి గుర్తుచేయండి, పిల్ల ఉండేది హాస్టల్లో. ఇంటికెళ్తున్నానని ఔట్‌పాస్ తీసుకుని నగరంలోనే ఏదో కచేరీకి చెప్పకుండా వెళ్ళడం వాళ్ళకి పెద్ద కష్టం కాదు. చెప్పి అడుగుతున్న ఈ దశ ఉన్నప్పుడే షరతులు పనిచేస్తాయి.

చదువు సంగతి కూడా చూసుకోండి. 2025లో ఈ ఉత్సవాన్ని మార్చి 8, 9 తేదీల్లో పెట్టారు, సరిగ్గా తెలంగాణ ఇంటర్ పరీక్షల మధ్యలో! జనవరిలో అయితే ఫస్టియర్ పిల్లకి ఆ రెండురోజులు, ప్రయాణానికి మరో రెండు పోవడం వల్ల మునిగిపోయేదేమీ లేదు. వచ్చే ఏడాది ఇదే జనవరిలో జేఈఈ మెయిన్ ఉంటుంది. కాబట్టి ‘వచ్చేసారి వెళ్దువులే’ అని వాయిదా వేస్తే అది అబద్ధమవుతుందని తనకీ తెలుసు.

ఎవరూ ముంబయి రాలేమంటే, అప్పుడు ‘కాదు’ అనే చెప్పండి. దాని పక్కనే హైదరాబాద్‌లో ఒక సాయంత్రం జరిగే కచేరీ ఏదైనా చూసి, అందుకు ‘సరే’ చెప్పండి. బహిరంగ ప్రదేశాల్లో లౌడ్‌స్పీకర్లు మామూలుగా రాత్రి పదికి ఆపాలి కాబట్టి వేళ తెలుస్తుంది, మీరు కారులో బయట ఉండొచ్చు. చెప్పిన వేళకి చెప్పిన గేటు దగ్గర కనిపించిందా లేదా అన్నది అక్కడే తేలిపోతుంది.

ఇప్పటికి చేయాల్సింది ఇదీ. పాపనే కూర్చుని ఒక కాగితం రాయమనండి: రైలు, బస, గేటు నుంచి బస దాకా దారి, ఎవరెవరు, వాళ్ళ అమ్మల నంబర్లు, ఖర్చు, అందులో తను దాచుకున్నది ఎంత, ప్లాన్ తప్పితే ఏం చేస్తుంది. ఆఖరి గడి ఖాళీగా వదిలేస్తే మీరు నింపకండి, తిరిగి ఇచ్చేయండి. అప్పటిదాకా టికెట్ కొననివ్వొద్దు, ఇన్‌స్టాలోనో టెలిగ్రామ్‌లోనో తక్కువకి ఇస్తామనే టికెట్లు అసలే వద్దు. కాజీపేటలో కోణార్క్ ఎక్కాలన్నా, హైదరాబాద్ నుంచి హుసేన్‌సాగర్ ఎక్కాలన్నా రిజర్వేషన్ ఇప్పుడు అరవై రోజుల ముందే తెరుస్తున్నారు. జనవరి చివరి వారానికి బెర్తులు కావాలంటే నవంబరు మూడోవారానికల్లా ఆ కాగితం మీ చేతికి రావాలని గడువు పెట్టండి.