బంగారం తాకట్టు పెట్టి బొమ్మలు తేవాలా?

ప్రశ్న: విజయవాడలో ఆరేళ్లుగా చేతివృత్తుల వస్తువుల దుకాణం నడుపుతున్నాను. కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మలు, కలంకారీ సంచులు అమ్ముతాను. నెలకు సగటున రూ.1.30 లక్షల అమ్మకాలు. వంద రూపాయలకు అమ్మే వస్తువు నాకు అరవైకి పడుతుంది. అద్దె రూ.16 వేలు, సహాయకురాలి జీతం రూ.12 వేలు, కరెంటు, ప్యాకింగ్, రవాణా కలిపి రూ.7 వేలు, రూ.3 లక్షల బంగారం రుణంపై వడ్డీ రూ.3 వేలు. కొన్న ధరలో రూ.7 లక్షల సరుకు ఉంది. అయినా చేతిలో డబ్బు నిలవడం లేదు. సంక్రాంతి బొమ్మల కొలువుల కోసం మిగిలిన నగలు కూడా కుదువ పెట్టి రూ.4 లక్షల సరుకు తేవాలనుకుంటున్నాను. మంచిదేనా?
- ఒక పాఠకురాలు

జవాబు: వద్దు. ఆ నగలు బీరువాలోనే ఉండనివ్వండి.

మీరు నెలకు అమ్ముతున్న సరుకు కొన్న ధర రూ.78 వేలు. అరల్లో ఉన్నది రూ.7 లక్షలది. అంటే ఈ రోజు నుంచి ఒక్క బొమ్మ కూడా కొనకపోయినా దాదాపు తొమ్మిది నెలలు అమ్ముకోవచ్చు. మీ డబ్బంతా అక్కడే ఉంది. కూరగాయలైతే మర్నాటికే వాడిపోయి నష్టం కళ్లకు కనిపిస్తుంది. లక్క బొమ్మ వాడిపోదు కనుక అది ఎప్పటికైనా అమ్ముడవుతుందనే ధీమా ఈ వ్యాపారంలో చాలామందికి ఉంటుంది. వడ్డీ మాత్రం నెలనెలా నడుస్తూనే ఉంటుంది.

ముందుగా ఏడాది దాటినా కదలని వస్తువులను విడిగా రాసుకోండి. వాటిని కొన్న ధరకే ఇచ్చేయండి. పెళ్లిళ్లకు, గృహప్రవేశాలకు తిరుగు కానుకలుగా ఒకేసారి యాభై, వంద వస్తువుల చొప్పున తీసుకునేవారిని వెతకండి. ఇలా రూ.2 లక్షలు వెనక్కి వచ్చినా సంక్రాంతికి చాలు. దుకాణమంతటికీ తగ్గింపు బోర్డు మాత్రం పెట్టకండి. వంద రూపాయల బొమ్మ ఎనభైకి ఇస్తే మీకు నలభై బదులు ఇరవయ్యే మిగులుతుంది. అదే లాభానికి రెట్టింపు అమ్మాలి.

వచ్చిన డబ్బులో కొంత కొండపల్లి కళాకారులకు ముందుగానే బయానాగా ఇవ్వండి. తెల్లపొణికి కర్ర ఆరాలి, చెక్కాలి, రంగులు వేయాలి. చివరి వారంలో అడిగితే మంచి దశావతారాల సెట్టు దొరకదు. వాళ్ల దగ్గర అరువు అడగడం నాకు నచ్చదు, వాళ్లకూ పెట్టుబడి కష్టమే. బొమ్మల తయారీదారులు పీఎం విశ్వకర్మ పథకంలో 5 శాతం వడ్డీకి తొలి విడతగా రూ.లక్ష వరకు రుణం పొందవచ్చని వారికి చెప్పండి. మీరు అమ్మకందారు కనుక అది మీకు వర్తించదు. అప్పటికీ డబ్బు చాలకపోతే బ్యాంకులు చిన్న వ్యాపారాలకు ఇచ్చే ముద్రా రుణాల్లో ‘కిశోర్’ విభాగం కింద రూ.50 వేల నుంచి రూ.5 లక్షల వరకు తాకట్టు లేకుండా అడగవచ్చు. వాడుకున్న మేరకే వడ్డీ పడేలా ఓవర్‌డ్రాఫ్ట్ రూపంలో ఇవ్వమనండి.

ఇక మీరు అడగని విషయం. నెల అమ్మకాల్లోంచి సరుకు కొన్న ధర తీసేస్తే వచ్చే రూ.52 వేల స్థూల లాభంలో ఖర్చులు రూ.38 వేలు పోతే మిగిలేది రూ.14 వేలు. రోజంతా దుకాణంలో నిలబడే యజమానికి సహాయకురాలి కంటే రెండు వేలే ఎక్కువ! మీ జీతం రూ.20 వేలు అనుకుంటే అమ్మకాలు రూ.1.45 లక్షలకు చేరాలి. నెలకు పదిహేను వేల అమ్మకం పెంచడం అసాధ్యమేమీ కాదు. దుకాణానికి వేరే ఖాతా తెరిచి, ప్రతి నెలా ఒకటో తేదీన అందులోంచి మీ జీతం తీసుకోండి. తక్కువైనా సరే, తీసుకోండి. పండగ నెలల్లో మిగిలినదాన్ని ఇంటి ఖర్చులో కలపకుండా, ముందు పాత బంగారం రుణం అసలుకు కట్టండి.

బీమా ఉందో లేదో మీరు రాయలేదు. 2024 సెప్టెంబరు బుడమేరు వరద తర్వాత విజయవాడలో సరుకుకు బీమా లేకుండా దుకాణం నడపడం నాకు సాహసమే అనిపిస్తుంది. రూ.5 కోట్ల లోపు ఆస్తులకు ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’ అనే పాలసీ సాధారణ బీమా సంస్థల దగ్గర ఉంటుంది. అగ్నిప్రమాదం, వరద రెండూ అందులోకి వస్తాయి. మీ సరుకు ఎక్కువగా ఉండేది పండగకు ముందే కాబట్టి, అప్పటి విలువకే పాలసీ తీసుకోండి.