టెక్ సందేహాలు: కళ్ల కోసం వేసుకున్న యాప్, తెరుచుకోని బ్యాంకు

సందేహం: నా వయసు 46. రాత్రి అరగంట ఫోన్ చూస్తే చాలు, కళ్లు మండి నీళ్లు కారుతున్నాయి. తెలిసినవాళ్లు చెబితే కళ్లకు రక్షణ ఇచ్చే యాప్ అని ఒకటి వేసుకున్నాను. స్క్రీన్ పసుప్పచ్చగా అయింది కానీ మంట తగ్గలేదు. పైగా రెండు రోజుల నుంచి బ్యాంకు యాప్ తెరుచుకోవడం లేదు, ఏదో హెచ్చరిక చూపించి మూసుకుపోతోంది. ఫోన్ మార్చాలా? (తణుకు నుంచి ఒక పాఠకురాలు)

ఫోన్ మార్చక్కర్లేదమ్మా. బ్యాంకు యాప్ తప్పు కూడా ఏమీ లేదు, అది చేయాల్సిన పనే చేస్తోంది. ముందు ఆ పసుపు యాప్ తీసేయండి, కళ్ల సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ఇలాంటి ప్రశ్న నాకు మళ్లీ మళ్లీ వస్తోంది, వచ్చిన ప్రతిసారీ నాకు కళ్ల మంట కంటే ఆ యాప్‌కి ఇచ్చిన అనుమతుల గురించే ఎక్కువ టెన్షన్.

ఈ యాప్‌లు చేసేదల్లా స్క్రీన్ మీద ఒక రంగు పొర పరచడం. అలా పరచాలంటే వేరే యాప్‌ల పైన కనిపించడానికి మీ అనుమతి కావాలి. ఇదే అనుమతి దొంగ యాప్ చేతిలో పడితే, మీరు బ్యాంకు యాప్ తెరిచిన క్షణంలో దాని మీద అచ్చం అలాగే ఉండే పిన్ పెట్టె గీసి చూపిస్తుంది, మీరు అంకెలు నొక్కేస్తారు. అందుకే చాలా బ్యాంకు యాప్‌లు పైన ఏదైనా పొర కనబడితే తెరుచుకోవు. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12, మందంగా ఉన్న పొర దాటి వేలి తాకిడి కిందికి వెళ్లకుండా ఆపింది. మంచి మార్పే. కానీ దాంతో స్క్రీన్ మసకబార్చే యాప్‌లు కొన్ని ఏకంగా యాక్సెసిబిలిటీ అనుమతి అడగడం మొదలుపెట్టాయి. అది చూపు లేనివాళ్ల కోసం, చేతులు సరిగా ఆడనివాళ్ల కోసం పెట్టిన సదుపాయం. స్క్రీన్ మీద ఉన్నది చదవగలదు, మీ బదులు బటన్లు నొక్కగలదు. ఈ రెండు అనుమతులూ ఒకే యాప్ చేతికి వస్తే మనిషికి తెలియకుండానే ఫోన్‌ను మొత్తం నడిపించవచ్చని 2017లోనే అమెరికాలోని జార్జియా టెక్, శాంటా బార్బరా యూనివర్సిటీ పరిశోధకులు చేసి చూపించారు. దానికి వాళ్లు పెట్టిన పేరు క్లోక్ అండ్ డాగర్.

అలాంటి ప్రతి యాప్ దొంగదే అని నేను అనడం లేదు. కానీ స్క్రీన్ రంగు మార్చడానికి ఇంటి తాళాలన్నీ ఇవ్వాల్సిన అవసరం ఏముంది? ఇవాళ బాగానే ఉన్న యాప్‌ను రేపు ఇంకెవరో కొనుక్కుని అప్‌డేట్‌లో ఏదైనా కలిపితే మీకు ఎలా తెలుస్తుంది?

ఇంకొక మాట, మీరు రాయలేదు కాబట్టి అడుగుతున్నాను. ఆ యాప్ ప్లే స్టోర్ నుంచి వేసుకున్నారా, వాట్సాప్‌లో ఎవరైనా ఏపీకే ఫైల్ (ప్లే స్టోర్‌తో పని లేకుండా నేరుగా యాప్ వేసేసే ఫైల్) పంపారా? ట్రాఫిక్ చలానా పేరుతో వచ్చే ఏపీకేలు తెరిచి డబ్బు పోగొట్టుకున్నవాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు. ఫైల్ అలా వచ్చిందైతే యాప్ తీసేస్తే సరిపోదు. ముందు నెట్ ఆపేయండి, ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకి చెప్పండి, పాస్‌వర్డ్‌లు మార్చండి, ఫోన్‌లో కావాల్సినవి దాచుకుని దాన్ని రీసెట్ చేయండి. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. బయటి నుంచి తెచ్చిన యాప్‌కి యాక్సెసిబిలిటీ ఇవ్వబోతే ఆండ్రాయిడ్ 13 నుంచి ఫోనే అడ్డుపడుతోంది. ఆ అడ్డు ఎలా తీయాలో ఎవరైనా ఫోన్‌లో ఓపిగ్గా నేర్పుతున్నారంటే ఆ కాల్ అక్కడే కట్ చేయండి.

ఇప్పుడు కళ్లు. పసుపు రంగు కావాలనుకుంటే నైట్ లైట్ అనో ఐ కంఫర్ట్ అనో మీ ఫోన్ సెట్టింగ్స్‌లోనే ఉంటుంది. అయితే రంగు మారితే మంట తగ్గుతుందని నేను చెప్పను. నీలి కాంతిని ఆపే కళ్లద్దాల మీద జరిగిన 17 ప్రయోగాలను 2023లో, వైద్య పరిశోధనలను జల్లెడ పట్టే కొక్రేన్ సంస్థ సమీక్షించింది. మామూలు అద్దాలతో పోలిస్తే వాటివల్ల కంటి అలసట తగ్గినట్టు కనిపించలేదు. అద్దాల దుకాణంలో ఆ పూతకి అదనంగా డబ్బు అడిగితే వద్దనండి. మంటకి ప్రధాన కారణం రెప్ప. మామూలుగా నిమిషానికి పదిహేను సార్లు దాకా కొట్టే రెప్ప, స్క్రీన్ చూస్తున్నప్పుడు అయిదారుకి పడిపోతుంది, కన్ను ఎండిపోతుంది, ఫ్యాన్ గాలి సూటిగా మొహానికి తగిలితే ఇంకా ఎండుతుంది. కళ్లు ఎండినా నీళ్లు కారతాయి. ఇరవై నిమిషాలకోసారి తల ఎత్తి ఇరవై అడుగుల దూరంలో ఉన్నదేదైనా ఇరవై సెకన్లు చూడమని కంటి డాక్టర్లు చెప్పేది అందుకే.

మీ వయసులో ఇంకొకటి ఉంటుంది, చత్వారం. 2018లో తెలంగాణలో, ఆ మరుసటి ఏడాది ఆంధ్రలో కంటి వెలుగు శిబిరాల్లో ఇచ్చిన కళ్లద్దాలనే ఇప్పటికీ వాడుతున్నవాళ్లు నాకు తెలుసు. నలభై దాటాక పవర్ ఏళ్ల తరబడి మారుతూనే ఉంటుంది. ఒకసారి పరీక్ష చేయించుకోండి, ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసుకోండి.

అక్షరాలు పెద్దవి చేసుకోండి అని తేలిగ్గా రాసేశాను కానీ, నాకు బాగా కోపం తెప్పించేది ఇక్కడే. యాప్‌లు తయారుచేసేవాళ్లు ఇంగ్లీషు అక్షరాన్ని చూసి సైజు పెడతారు, అదే సైజు తెలుగుకీ వాడేస్తారు. మన అక్షరానికి పైన గుడి, కింద వత్తు, వత్తు కింద ఒక్కోసారి ఇంకో వత్తు. ‘రాష్ట్రం’ అనే మాటను ఆ సైజులో చదవాలంటే ఇరవై ఏళ్ల కుర్రాడైనా ఫోన్ దగ్గరికి లాక్కోవాల్సిందే. లైన్‌కీ లైన్‌కీ మధ్య చోటు ఉండదు, వత్తుల అడుగు భాగం తెగిపోతుంది. పోనీ సెట్టింగ్స్‌లో ఫాంట్ పెంచుదామంటే, ఆండ్రాయిడ్ 14 అక్షరాలను రెట్టింపు దాకా పెంచనిస్తున్నా యాప్‌లు మాత్రం ఆ మాట వినవు. కొన్ని అసలు పెరగవు, కొన్నింటిలో ‘సరే’ బటన్ స్క్రీన్ బయటికి పోతుంది. తెలుగు భాష పెట్టామని ప్రకటన ఇస్తారు, పెద్ద ఫాంట్‌లో ఒక్కసారి తెరిచి చూసుకోరు. సరిగా చదవలేనివాడు బ్యాంకు యాప్‌లో వచ్చే హెచ్చరికను కూడా చదవడు, ఏది కనిపిస్తే అది నొక్కుకుంటూ పోతాడు.

సందేహం: కొత్త ఫోన్ కొన్నాను. రాత్రి వెలుతురు తగ్గించి చూస్తే తలనొప్పి. పాత ఫోన్‌తో ఎప్పుడూ లేదు. (కరీంనగర్)

తెరల్లో రకాలుంటాయి, మీ పాత ఫోన్‌ది ఎల్‌సీడీ, కొత్తదానిది ఓలెడ్ అయ్యుండాలి. చాలా ఓలెడ్ తెరలు వెలుతురు తగ్గించడానికి సెకనుకి కొన్ని వందల సార్లు ఆరి వెలుగుతుంటాయి. అది కంటికి కనబడదు, కానీ కొందరికి పడదు. తక్కువ వెలుతురులో ఇది ఎక్కువ. బ్రైట్‌నెస్ సగం పైనే ఉంచి, సెట్టింగ్స్‌లో ఎక్స్‌ట్రా డిమ్ (తెరను ఇంకా మసకబార్చేది) ఉంటే అది పెట్టి చూడండి, గదిలో ఒక దీపం వెలగనివ్వండి. కొన్ని ఫోన్లలో ఫ్లికర్, అంటే ఈ ఆరి వెలగడాన్ని, తగ్గించే సెట్టింగ్ ఉంటుంది, అది ఆన్ చేయండి. వారం చూసినా తగ్గకపోతే ఆ తెర మీకు పడనట్టే. ఈసారి కొనేటప్పుడు, దుకాణంలో డెమో ఫోన్ ఫుల్ బ్రైట్‌నెస్‌లో ఉంటుంది కాబట్టి దాన్ని మీరే బాగా తగ్గించి, పది నిమిషాలు ఏదైనా చదివి, అప్పుడు డబ్బు కట్టండి.