టీకా సంగతి తరువాత, ముందు రక్తపరీక్ష

ప్రశ్న: మా అబ్బాయికి 20 ఏళ్ళు. మూడు వారాల క్రితం స్నేహితులతో అరకు, లంబసింగి వెళ్ళి వచ్చాడు. వారం నుంచి రోజు విడిచి రోజు చలిజ్వరం వస్తోంది. నిరుడు మావారికి మలేరియా వచ్చినప్పటి మాత్రలు మిగిలి ఉంటే రెండు రోజులు వేశాం. తగ్గినట్టే తగ్గి మళ్ళీ మొదలైంది. మలేరియా క్రిమి మన కణాల్లోకి చొరబడటానికి వాడే ఎంజైముల మీద టీకా తయారవుతోందని చదివాను. విశాఖలో అది ఎక్కడ వేస్తారు? ఇప్పుడు వేయించవచ్చా?
– ఒక తల్లి, మధురవాడ

జవాబు: అమ్మా, మీరు టీకా గురించి అడిగారు. నా చూపు మాత్రం మీ నాలుగో వాక్యం దగ్గరే ఆగిపోయింది. మాత్రలు మిగిలాయంటే మీవారు కోర్సు పూర్తి చేయలేదన్నమాట. ఆ మిగిలినవే అబ్బాయికి వేశారు.

మనిషిని చూడకుండా ఇది మలేరియా అని నేను చెప్పలేను. మన్యం వెళ్ళి వచ్చినవారికి జ్వరమంటే డెంగీ, స్క్రబ్ టైఫస్ (పొదల్లోని సన్నటి పురుగు కుట్టి వచ్చే జ్వరం) కూడా ఆలోచించాలి. చంకలో, గజ్జల్లో, నడుము దగ్గర నల్లటి చెక్కు కట్టిన పుండు ఉందేమో చూడండి, అది స్క్రబ్ టైఫస్ గుర్తు. డెంగీ కాదని తేలేదాకా జ్వరానికి పారాసిటమాల్ తప్ప నొప్పి మాత్రలు, నొప్పి ఇంజెక్షన్లు వద్దు.

అరకొర మందుతో క్రిములు చావవు, తగ్గుతాయి. అప్పుడు స్మియర్ (గాజు పలక మీద రక్తపు చుక్క పరీక్ష) తీస్తే కనిపించకపోవచ్చు. చేతిలో ‘నెగటివ్’ రిపోర్టు, ఒంట్లో మలేరియా! అందుకే ఏ మాత్ర ఎన్ని వేశారో డాక్టరుకు దాచకుండా చెప్పండి. ఒకసారి క్రిమి కనిపించకపోతే పరీక్ష మళ్ళీ చేయాల్సి రావచ్చు. మలేరియాలో వైవాక్స్ రకమైతే క్లోరోక్విన్ మూడు రోజులు, కాలేయంలో నక్కిన క్రిమికి ప్రైమాక్విన్ 14 రోజులు ఇస్తారు. జ్వరం తగ్గగానే చాలామంది మానేసేది ఈ రెండోదే. నెలల తరువాత జ్వరం తిరగబెట్టడానికి అదే కారణం. జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతోనే లోపించినవారికి ప్రైమాక్విన్‌తో రక్తకణాలు విచ్ఛిన్నమవుతాయి, కాబట్టి సొంతంగా వేసుకోకూడదు. ఫాల్సిపేరమ్ రకమైతే మందులే వేరు, ఆలస్యం ప్రాణం మీదకు తెస్తుంది.

ఇక టీకా. మీరు చదివింది నిజమే. ఎర్ర రక్తకణంలోకి దూరేటప్పుడు క్రిమి తన పైపొర ప్రొటీన్లను తానే కత్తిరించుకుంటుంది. కత్తెర పని ప్రొటియేజ్ ఎంజైములది. యాంటీబాడీలతో వాటిని అడ్డుకుంటే క్రిమి బయటే ఉండిపోతుందన్నది ఆశ. చిక్కేమిటంటే ఒక కణం నుంచి ఇంకో కణానికి పోయేటప్పుడు అది బయట ఉండేది ఒకటి రెండు నిమిషాలే. ఆ కాస్త సమయంలో యాంటీబాడీ పట్టుకోవాలి. ఇదంతా ఇంకా పరిశోధనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఒకటి, 2023లో ఒకటి మలేరియా టీకాలను సిఫారసు చేసింది. రెండోదాన్ని మన పుణేలోనే తయారు చేస్తున్నారు. అవి ఎంజైము మీద కాక, దోమ నుంచి వచ్చే క్రిమి పైతొడుగు ప్రొటీను మీద పనిచేస్తాయి. అవీ ప్రధానంగా ఫాల్సిపేరమ్ ఉన్న ప్రాంతాల చిన్నపిల్లలకే. మన ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో లేవు. ఉన్నా, జ్వరం వచ్చాక టీకా మందు కాదు.

ఈ రోజే దగ్గరి పట్టణ ఆరోగ్య కేంద్రానికి వెళ్ళండి, మలేరియా పరీక్ష ఉచితం. మాట తడబడినా, వాంతులు ఆగకపోయినా, కళ్ళు పచ్చబడినా, మూత్రం నల్లగా వచ్చినా, ఆయాసం వచ్చినా అక్కడ ఆగకుండా నేరుగా కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) అత్యవసర విభాగానికి. వెళ్ళేటప్పుడు ఆ మాత్రల అట్ట వెంట ఉండనివ్వండి. మీవారిని కూడా తీసుకెళ్ళండి, ఆయన లెక్క ఇంకా తేలలేదు.